రెండో బూటు

“అమ్మా, నా రెండో బూటు ఏది?”

పాల్వంచ క్వార్టర్ గడప మీద అడ్డంగా కూర్చున్న నర్సమ్మ వీధిలోకి చూసింది. బూటు ఆమె కొంగు కింద ఉంది.

“ఒక్క రాత్రే గదనే! ట్రెక్కింగుకు ఇరవై మందిమి పోతున్నం. దారి చూపెటందుకు ఆ గూడెం జంపక్క ఉన్నది. రేపు పగటికి ఇంట్ల ఉంట.”

“మీ ఆఫీసోళ్లు మంచు చూడటానికి మనాలి పోతున్నరంట. వాళ్లతోని పోరాదు? అడవి మాత్రం వద్దు.”

“మంచుతోని నాకేం పని? పుట్టినకాడి నుంచి ఈ కిటికీలకెల్లి అడవిని చూసుడే అయితంది. నలభై రెండేళ్లొచ్చినయ్. ఈ చలికాలం ఒక్క రాత్రన్నా ఆడ పండుకుంట.”

ప్రమీల కొంగు కింద నుంచి బూటు లాక్కుని కాలికి తొడిగింది. సంచి భుజానేసుకుని అలవాటుగా అంది: “పోయొస్తనే అమ్మా.”

నర్సమ్మ చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆ మాట అనకు. మీ అన్న గూడ పోయొస్త అనే అడవిలకు పోయిండు. ముప్పై ఏండ్లాయె.”

ఆ రోజు ప్రమీల బడిలో ఉంది. అన్న తుపాకీ పట్టాడని ఊరంతా చెప్పింది. వెళ్తూ ఏమన్నాడో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

“అయితే అనను,” అంది ప్రమీల. “పోయొస్త అన్నోడు రాలే. నేను పోతున్న అంటున్న, వస్త. రేపు పగటికి ఇద్దరికి బియ్యం పొయ్యి.”

నర్సమ్మ చెయ్యి వదిలింది. వంగి, కూతురి బూటు లేసు తనే బిగించి ముడేసింది.

“నేను గూడ పోయిరా అననులే,” అంది. “పో!”