ఆరో స్తంభం దగ్గర నీళ్లు

"ఏటయ్యా, మళ్లీ పోసీసినావా?"

ధర్మరాజు గోనెపట్టా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

చక్రాల హాల్లో ఆరో స్తంభం పక్కన, నున్నటి టేకు చెక్కల మీద చెంబెడు నీళ్లు. అందులో నాలుగు నువ్వు గింజలు.

నీళ్లు పోసిన ముసలాడు చేతులు జోడించి నిలబడ్డాడు.

"సెక్క ఉబ్బితే సెక్రాల జోళ్లేసుకున్న దొరలు బోర్లా పడతారు. ఆళ్లు పడితే నా ఉద్యోగం ఊడతాది!"

అందులో అబద్ధం లేదు. ఇంకో మచ్చ కనిపిస్తే విశాఖ స్టీమరెక్కిస్తానని మేనేజరు దొర నిన్ననే అన్నాడు.

ఆ హాలుకి ఇరవై ఏళ్లు దాటాయి. రంగూన్ దొరలు కాళ్లకు చక్రాలు కట్టుకుని, బ్యాండు మోతకి గిరగిరా తిరగడానికి కట్టారు. యుద్ధంలో బియ్యం బస్తాలు వేశారు. తర్వాత ఓ నాలుగు నెలలు తలుపులు మూశారు. ఎందుకని అడిగితే, "రిపేరు" అనేవాడు మేనేజరు దొర. ఆపైన కుస్తీలయ్యాయి, బర్మా నాటకాలయ్యాయి. ఇప్పుడు, 1927లో, కప్పు కారుతున్నా మళ్లీ చక్రాలే. నేల బాగోగులు చూసే పని ధర్మరాజుది.

"పక్కనే అంత నది ఉంది. అక్కడ పోసుకోరాదా?"

"ఇక్కడే పొయ్యాల, బాబూ."

"ఎందుకు?"

ముసలాడు అతని మొహంలోకి చూశాడు. "నీది ఏ ఊరు, బాబూ?" అన్నాడు.

ఈ ప్రశ్న వింటే ధర్మరాజుకి ఒళ్లు మండేది. ఊరు అడిగినవాడు తండ్రి పేరు అడుగుతాడు. పేరు చెబితే, ఆయన ఎక్కడున్నాడని అడుగుతాడు.

భీమిలి నుంచి కూలికొచ్చిన తండ్రి మంగరాజు, 1918 తర్వాత ఉత్తరం ముక్క రాయలేదు. నాలుగేళ్లు చూసి ధర్మరాజే వెతుక్కుంటూ వచ్చాడు. బోటాటౌంగ్ రేవంతా గాలించాడు. "మాండలే పోయి బర్మా ఆడదాన్ని కట్టుకునుంటాడు" అని ఎవరో అన్నారు.

నమ్మేశాడు. నమ్మితే వెతుకులాట తప్పుతుంది. బతికున్న మనిషికి నువ్వులూ నీళ్లూ వదలకూడదు కాబట్టి అదీ తప్పింది. ఆ మాటే ఇంటికి రాశాడు. తల్లి మళ్లీ ఆయన పేరెత్తలేదు.

రెండేళ్ల కిందట హాల్లో ఉద్యోగం దొరికి, కాలికి బూట్లు వచ్చాక, ధర్మరాజు కూలి జనంతో మాటలే మానేశాడు.

"నా ఊరుతో నీకేటి పని? ఎల్లు!"

భుజం పట్టి గుమ్మం దాకా తోశాడు. చెంబు జారి గడపకి తగిలి సొట్టపడింది. ముసలాడు దాన్ని తీసుకుని మెట్లు దిగిపోయాడు.

ధర్మరాజు వెనక్కొచ్చి, నీళ్లు చెక్కలోకి ఇంకకముందే గోనెతో అద్దేశాడు. రెండేళ్లుగా ప్రతి అమావాస్యకీ ఇదే తంతు.

మళ్లీ అమావాస్య వచ్చింది. ధర్మరాజు గోనె పట్టుకుని గుమ్మంలో కాపు కాశాడు.

వచ్చింది ముసలాడు కాదు, ఒక నడివయసు ఆడమనిషి. చేతిలో అదే సొట్ట చెంబు.

"నా పేరు మంగాయమ్మ, బాబూ. బోటాటౌంగ్‌లో కూలోళ్లకి కూడొండుతాను. ఈ సెంబు యర్రయ్యది. మా అరుగు మీదే ఉండీవోడు. వారం కితం పోనాడు. ఈ అమాసకి నన్ను పొయ్యమన్నాడు."

ధర్మరాజు చేతిలో గోనె కిందికి దించాడు.

"తుడుసుకోడానికి గుడ్డ కూడా తెచ్చినాను. బాబుకి ఇబ్బంది లేకుండా నువ్వే తుడిసెయ్యి అన్నాడు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"ఎవలికమ్మా ఈ నీళ్లు?"

"నీకు తెల్దా? తొమ్మిదేళ్ల కితం, ఇసజొరాల ఏడు, ఇది ఆస్పత్రి కదా! దొరలు దాసీసినారు. తెలిస్తే ఇక్కడ ఆడుకోడానికి ఎవలొస్తారు? మన కూలోళ్లని ఈ నేల మీదే పడుకోబెట్టినారు. నీళ్లు మొయ్యడానికి యర్రయ్య ఒక్కడే. మూడొందల మందికి ఒక్క కావిడి."

ధర్మరాజు హాల్లోకి, ఆ నేల వైపు తిరిగి చూశాడు.

"నీళ్లడిగి, ఈడు సెంబు అట్టుకొచ్చీలోపే ఆ ఆరో స్తంభం కాడ పోనోళ్లు పదకొండు మంది. ఆళ్ల పేర్లు ఎవలూ రాసుకోలేదు. ఈడే గుర్తెట్టుకున్నాడు. నాను అందించలేకపోనానని ఒకటే ఏడుపు. తెలుగోడు కనపడితే సాలు, ఊరడిగీవోడు. ఆళ్ల తాలూకా మనిసేమోనని."

ధర్మరాజే ఆమెని ఆరో స్తంభం దగ్గరికి తీసుకెళ్లాడు.

మంగాయమ్మ దక్షిణంగా తిరిగి, పేరు పేరుకీ ఒక్కో పుడిసెడు వదలసాగింది.

"బారువ అచ్చెన్నకి. సోంపేట బుల్లియ్యకి..."

ధర్మరాజు వేళ్లు లెక్కపెడుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది. నాన్న మాండలేలోనే ఉండాలి, బర్మా పెళ్లాంతో చల్లగా ఉండాలి అని జీవితంలో మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాడు. పది.

"భీమిలి మంగరాజుకి."

ఆమె చెంబు పక్కన పెట్టి, గుడ్డ తీసి వంగింది.

ధర్మరాజు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తుడవొద్దమ్మా, ఉండనీ."

గుమ్మం అవతల దొర కారు ఆగిన చప్పుడైంది. అతను లేవలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. దాహంతో పోయిన తండ్రికి ఎవరో తెచ్చిపోసిన నీళ్లు, రెండేళ్లపాటు ఈ చేతులతోనే అద్దేశాడు. మాండలే కథ ఇంటికి రాసి తల్లి నోట ఆయన పేరు కూడా తుడిచేశాడు. భీమిలి అని ఒక్కమాట అంటే సరిపోయేది.

"నీది ఏ ఊరు, బాబూ?" అని అడిగి అడిగి వెళ్లిపోయిన ఆ ముసలాడే, అతని తండ్రి ఆఖరి మాట విన్న మనిషి.