అమ్మ సంతకం

"ఒంట్లో ఏ రోగమూ లేదు. నెలసరి ఆగి నాలుగేళ్లయింది. ఇప్పుడు గర్భసంచి తీయించుకోవడమేంటే, చోద్యం కాకపోతే!"

పెద్దమ్మ విసుక్కుంటూనే చెల్లెలి జుట్టు చిక్కు తీస్తోంది. ఆసుపత్రి మంచం మీద కూర్చున్న అమ్మ నవ్వింది.

"నాకిక దాంతో పనేముందక్కా? ముప్పై ఏళ్లుగా అందరికీ బట్టలు కుట్టాను. ఒక్కసారి నన్నూ కుట్టించుకోనీ."

"నీ వేళాకోళం తగలెయ్య!" పెద్దమ్మ కోపం కిటికీ దగ్గర నిలబడ్డ చెల్లెలి కూతురి మీదికి మళ్లింది. "చదువుకున్నదానివి, నువ్వైనా వద్దని చెప్పొద్దూ? ఈ డాక్టరమ్మ దగ్గరికి తెచ్చింది నువ్వేనటగా?"

"అవును పెద్దమ్మా."

కూతురు స్వెటరు చేతులు వేళ్లదాకా లాక్కుంది. వెతికి వెతికి ఈ డాక్టర్ని పట్టుకున్నది తనే. ఆరు నెలలుగా అమ్మను పరీక్షల చుట్టూ తిప్పిందీ తనే. సూది గుచ్చిన ప్రతిసారీ అమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. తను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేది.

మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు అమ్మ ఏదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. "ఎప్పుడు రమ్మన్నారు?" అంది తలెత్తకుండానే. కాస్త ఆలోచించుకో అమ్మా అని మాటవరసకైనా తను అనలేదు.

పెద్దమ్మ టీ తాగడానికి కిందికి వెళ్లగానే కూతురు మంచం దగ్గరికి వచ్చింది.

"అమ్మా, వద్దు. ఇంటికెళ్లిపోదాం."

"ఇంతదాకా వచ్చాకా?"

"నేను అడగడమే తప్పు. నీకేమైనా అయితే నా ముఖం నేనెలా చూసుకోను?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు అడక్కముందు నేను హాయిగా ఉన్నాననుకున్నావా? పద్నాలుగేళ్లుగా, నిన్నలా కన్న తప్పంతా నాదే అనుకుంటూ బతికాను. ఈ ఆరు నెలలే కాస్త ఊపిరి పీల్చుకున్నాను."

నర్సు కాగితం తెచ్చింది. "ఎవరి బలవంతమూ లేదు కదమ్మా?"

"నన్ను బలవంతపెట్టేవాళ్లు ఇంకా పుట్టలేదు," అని అమ్మ గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

స్ట్రెచర్ మీద అమ్మను ఆపరేషన్ గదికి తీసుకెళ్లిపోయారు. కూతురు గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నర్సు వెనక్కి వచ్చి ఆమె భుజం తట్టింది.

"ఇక మీరూ గౌను మార్చుకోండి, ఆ గర్భసంచి అమర్చేది మీకేగా!"