చాలు

బెల్లంపల్లి గని క్వార్టర్లలో నెల రోజుల్లో నాలుగు కోళ్లు మాయమయ్యాయి. నాలుగూ రాజక్కవే. దొంగ ఎవరో తేల్చింది మాత్రం పక్క క్వార్టరులో ఉండే గుమాస్తా కోటేశ్వరరావు.

దొంగ మొండయ్యేనన్నాడు ఆయన. మొండయ్య ఇంటింటికీ బొగ్గు మోసుకొచ్చి పోసే కూలీ. సాయంత్రమైతే కల్లు తాగుతాడు. కల్లు తాగేవాడికి నంజుకోవడానికి కోడి కావాలి కదా అని గుమాస్తా తర్కం. ఇంకొక్క కోడి పోయిందంటే మొండయ్యను పనిలోంచి తీసేయాలని ఆఫీసరుకు అర్జీ కూడా రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఆయన మాటకు తిరుగులేదు. నుదుట నిలువు నామం, గుడ్డు వాసన తగిలితేనే వాంతి వచ్చేంత నిష్ఠ. రెండు వైపులా కలిసి ఒకే రాష్ట్రమై ఆరేళ్లయినా, కృష్ణా జిల్లా దాటి రావడం ఆయనకు ఇదే మొదలు. వచ్చి రెండు నెలలైంది. ఇక్కడివాళ్ల తెలుగులో సగం ఉర్దూ, మిగతా సగం బొగ్గు దగ్గు అని మొదటి రోజే తీర్పు చెప్పేశాడు. ఆ తరువాత ఎవరేం మాట్లాడినా వినడం మానేశాడు.

రాజక్క ఆయనతో వాదన పెట్టుకోలేదు. మిగిలిన మూడు కోళ్ల కాళ్లకు, దిష్టికని ఎర్రదారం కట్టి ఊరుకుంది.

ఆమె భర్త ఇస్తారి గనిలో కరెంటు పని చేస్తాడు. రాజక్క హీటరు మీద నీళ్లు పెట్టి మరిచిపోతుందని, ఇల్లు తగలబడకుండా ఒక ఉపాయం చేశాడు. చెక్క పలక మీద అలారం గడియారం బిగించి, పక్కన పాత మీట స్విచ్చి పెట్టాడు. అలారం మోగేటప్పుడు వెనక కీ గిరగిరా తిరుగుతుంది కదా. ఆ కీకి కట్టిన దారం మీటను లాగుతుంది. దారాన్ని ఒక మేకు మీదుగా కడితే హీటరు ఆగుతుంది, రెండో మేకు మీదుగా కడితే నడుస్తుంది. ఏది ఏదో తెలిసేలా మేకుల పక్కన తెల్లరంగుతో రాశాడు కూడా.

గుమాస్తా దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. భార్య పుట్టింట్లో ఉంది. పొద్దున్నే పప్పు పెట్టి ఆఫీసుకు పోతే, ఉడికేసరికి హీటరు దానంతట అదే ఆగిపోతుంది. ఒక వారం ఇవ్వమన్నాడు. తెలియని చేతుల్లో అది పెట్టనని ఇస్తారి అన్నాడు. రాజక్కే ఒప్పించింది. పలక మురికిగా ఉందని కిరసనాయిలు గుడ్డతో తుడిచి మరీ, తానే తీసుకుపోయి ఇచ్చింది.

"గంట మోగంగనే గీ దారం గుంజుతది సారు. గిటు దిక్కు మేకుకు కడితే..."

"రాసి ఉంది కదమ్మా, చదువుకున్నవాణ్ణి." ఆయన పలక మీదికి వంగాడు. కుడివైపు మేకు పక్కన ఒకే ఒక్క మాట ఉంది. "చాలు. అంతేగా?"

"గంతే సారు. చాలంటే చాలే."

"మొత్తానికి మీ ఊళ్లో ఒక్క తెలుగు ముక్క దొరికింది" అన్నాడాయన.

గురువారం తెల్లవారేసరికి ఐదో కోడి లేదు. ఎనిమిదింటికి గుమాస్తా నామం దిద్దుకుని, తాళం వేసుకుని, అర్జీ జేబులో పెట్టుకుని బయలుదేరాడు. రాజక్క గుమ్మం ముందే మొండయ్యను ఆపి ఇవాళ్టితో నీ పని సరి అని చెప్పి మరీ పోయాడు. మొండయ్య బొగ్గు తట్ట బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

"జరసేపు గిక్కడనే కూసో మొండన్నా, ఎటు పోకు" అంది రాజక్క.

ఆమె ఆ రోజు సంతకు పోలేదు. కొత్త పొయ్యి వేసుకోవాలని తెప్పించిన ఇసుక రెండు తట్టలు గుమ్మంలో పెట్టుకుని, బియ్యం ఏరుతూ కూర్చుంది. తొమ్మిదిన్నరకు పక్కింట్లో గంట మోగింది, ఆగింది. పదిన్నరకు కిటికీలోంచి నల్లటి పొగ వచ్చింది.

మొండయ్య తాళం పగలగొట్టాడు. రాజక్క మెయిన్ ఆపి ఇసుక చల్లింది. క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లంతా లోపలికి తొంగిచూశారు. హీటరు మీద గిన్నె, గిన్నెలో మాడిన కోడి. మంచం కింద గోనెసంచి నిండా ఈకలు, వాటి మీద ఎర్రదారం కట్టిన కోడికాలు.

కబురు అంది ఆఫీసరు వచ్చాడు. ఆయన వెనకే గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. గిన్నెలోకి చూడకుండానే, పప్పు పెట్టి పోయానండీ అన్నాడు.

"మీ పప్పుకు కాళ్లున్నయేంది సారు?" అంది ఎదురింటి పోశవ్వ.

తప్పించుకునే దారి లేక ఆయన రాజక్క మీద పడ్డాడు. చాలు అని రాసి ఉన్న మేకుకే దారం కట్టానని, చాలు అంటే ఇక వద్దు, ఆపమని కాదా అని కేకలు వేశాడు. లైనంతా నవ్వింది. ఇక్కడ చాలు చేయడమంటే నడిపించడమనీ, ఆపాలంటే బంద్ చేయాలనీ ఆఫీసరే చెప్పవలసి వచ్చింది. నడుస్తున్న హీటరును గడియారం ఇంకోసారి నడవమందన్నమాట. ఆయన పొద్దున గుమాస్తా ఇచ్చిన అర్జీని జేబులోంచి తీసి అక్కడే చింపేశాడు.

షిఫ్టు దిగి వచ్చిన ఇస్తారి పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండో మేకు పక్కన బంద్ అని తానే రాశాడు. ఇప్పుడక్కడ ఏమీ లేదు.

"కిరసనాయిలుకు పోయిందేమో" అంది రాజక్క.

శనివారం కోటేశ్వరరావు ఉద్యోగం పోగొట్టుకుని ఊరికి బయలుదేరాడు. ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని మొండయ్య ముందు నడిచాడు. రాజక్క గుమ్మం ముందు గుమాస్తా ఒక్క క్షణం ఆగాడు. చదువులేని మనిషి, పైగా మంచి తెలుగు ఎరగదు, తెలియక చేసిన దానికి ఆమెను మన్నిస్తున్నానన్నాడు.

రాజక్క అటూ ఇటూ చూసింది. దగ్గరలో ఎవరూ లేరు.

"అయ్యో, తెలియక కాదండీ అన్నయ్యగారూ" అంది, "మా అమ్మగారిది బందరేనండీ."