సీసం ఏరుకున్న మనిషి

"ఒరేయ్ రెస్, మళ్లీ వచ్చాడురా వాడు!"

బెండిక్ట్ దుర్భిణి దించకుండానే అన్నాడు.

గురికాల్పుల మైదానంలో భోజనాల వేళ. కాల్పులు ఆపి ఎర్రజెండా ఎగరేశారు. టార్గెట్ల వెనక ఇసకగట్టు మీద ఎవరో ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ఏదో ఏరుతున్నాడు.

"పోయిన ఆదివారం కూడా వీడే. సీసం దొంగా?" అన్నాడు రెస్.

"సీసం దొంగైతే సంచి తెచ్చుకోడూ? ఒక్కో గుండూ తీసి, ఎండకి పెట్టి చూసుకుంటున్నాడు. ఇదేదో వేరే యవ్వారం."

రెస్ తన తుపాకీని గోడవైపు జరిపి, దాని మీద కోటు కప్పాడు.

అది వాళ్ల నాన్న తుపాకీ. ఒక్కో గుండూ చేత్తో పెట్టి కాల్చాల్సిన పాతకాలపుది. దాంతోనే మా ఊరు హింటర్‌బాఖ్‌లో రెస్ ముప్ఫై ఏళ్లు గురిపోటీలు గెలిచాడు. నాలుగేళ్ల కిందట సీసం కరిగించి గుండ్లు పోసే అచ్చు అరిగి పాడైంది. బజారు అచ్చులో పోసిన గుండ్లు దానికి వెంట్రుకవాసి వదులు. గుండు అడ్డం తిరిగిపోయి, టార్గెట్ అట్టలో గుండ్రని చిల్లు పడాల్సిన చోట కోలగా పడుతోంది. పోయిన నెల పోటీలో రెస్‌ది ఆఖరి స్థానం. వచ్చే ఆదివారం మా గురికాళ్ల సంఘం వార్షికోత్సవ పోటీ. అందులోనూ ఇదే గతి అయితే తుపాకీని మ్యూజియంకి ఇచ్చేస్తానని డెబ్భై నాలుగేళ్ల మనిషి భార్య దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పైగా ఈ వసంతంలోనే పక్క లోయలో రెండు పాత తుపాకులు మాయమయ్యాయి. అంతకుముందు ఎవరో పెద్దమనిషి వచ్చి వాటిని "ఊరికే చూసి" వెళ్లాడట.

ముసలాయన గట్టు దిగి నేరుగా వీళ్ల దగ్గరికే వచ్చాడు.

"ఆ కోల చిల్లులు మీ తుపాకీవేనా అండీ?"

రెస్ మొహం కందగడ్డలా అయింది. "అయితే ఏంటట?"

"గుండ్లు ఎవరు పోశారు? తుపాకిమందు ఎంత పెడుతున్నారు?"

అడక్కూడని మాట అడిగేశాడు. మావైపు జీతం ఎంతని అడిగితేనే మొహం తిప్పుకుంటారు. ఇక మందు కొలతంటారా, సొంత తమ్ముడికైనా చెప్పరు. అడిగినవాడు దొంగైనా అయ్యుండాలి, పోటీ సంఘం పంపిన మనిషైనా అయ్యుండాలి.

"అసలెవరయ్యా నువ్వు?" బెండిక్ట్ అడ్డంగా నిలబడ్డాడు.

"నేను... తుపాకీ లోపల ఒక్కసారి చూడనిస్తే..."

"విన్నావురా? చూడనివ్వాలట! ముందు జేబులు దులుపు పెద్దాయనా."

ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. జేబులు ఖాళీ చేశాడు. ఏడు సొట్టబోయిన గుండ్లు, ఒక కొలత పనిముట్టు, చిన్న నోటుపుస్తకం. పుస్తకంలో పేజీ నిండా అంకెలు. పైన 'రెస్ ఏగర్టర్, హింటర్‌బాఖ్' అని ఉంది.

"నా పేరు నీకెలా తెలుసు?"

"పేపర్లో చూశాను."

"ఇంటి నంబరొక్కటే తక్కువ. రేపో మాపో కన్నం వేసేవాడే!" అన్నాడు బెండిక్ట్.

రెస్ ఆ గుండ్లు లాక్కుని ఇసకలోకి విసిరేశాడు. పేజీ చింపి, సాసేజీలు కాలుతున్న నిప్పుల్లో పడేశాడు.

"ఇంకోసారి ఈ ఛాయలకొచ్చావో, పోలీసుల్ని పిలుస్తా."

"తుపాకీ తప్పేం లేదు. గుండే వదులు," అని మాత్రం చెప్పి ముసలాయన స్టేషన్ దారి పట్టాడు.

"చేసింది చాలక సలహాలొకటి!" బెండిక్ట్ పకపకా నవ్వాడు.

ఆ సాయంత్రం రెస్ తుపాకీ బీరువాకి రెండో తాళం వేశాడు. సంగతంతా విని భార్య రోజ్‌మరీ పెదవి విరిచింది.

"దొంగ పట్టపగలు అందరి ముందూ వచ్చి మోకాళ్లేస్తాడా?"

"వాళ్ల వేషాలు నీకేం తెలుసు!"

"మీకు గురి కుదరకపోతే చాలు, ఊరంతా దొంగలే."

బుధవారం పొద్దున్నే బెండిక్ట్ రొప్పుతూ వచ్చాడు.

"బతికిపోయాంరా! తూన్‌లో పాత తుపాకులు సేకరించే ఆయన్ని కనుక్కున్నా. చేత్తో అచ్చులు చెక్కేవాళ్లలో ఇంకా ఒక్కడు మిగిలాడట. ఓట్‌మార్ ట్షాన్ అని. ఆయన చేతి అచ్చుకి తిరుగు లేదట. ఫోను లేదు, మనమే వెళ్లాలి."

ఇద్దరూ తొమ్మిదింటి రైలెక్కారు. తుపాకీ పెట్టెని రెస్ ఒళ్లోనే పెట్టుకున్నాడు. దారంతా వార్షికోత్సవం కబుర్లే.

ట్షాన్ వర్క్‌షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క యంత్రం లేదు. ఒకావిడ నేల ఊడుస్తోంది.

"ట్షాన్ గారున్నారామ్మా?"

"నాన్న పని మానేశారండీ. లేత్ మిషను నిన్ననే పాలిటెక్నిక్ వాళ్లు తీసుకెళ్లారు."

"అయ్యయ్యో! ఒక్క అచ్చు చాలమ్మా. కాళ్లావేళ్లా పడతాం."

"ఎలా చెక్కుతారండీ? చేతులు వణుకుతున్నాయి. ఒక్క అచ్చు మాత్రం చెక్కాలని ఈ నెలంతా ఆ వణుకుని మందులతో ఆపుకున్నారు. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, 'వాళ్లకి అక్కర్లేదటమ్మా, మిషను ఇచ్చెయ్' అన్నారు. ఆసుపత్రిలో చేర్పించాం."

బెండిక్ట్ తల దించుకున్నాడు.

రెస్ తుపాకీ పెట్టె నేల మీద పెట్టాడు. "ఎవరి కోసమమ్మా, ఆ అచ్చు?"

"హింటర్‌బాఖ్‌లో ఏగర్టర్ అనే ఆయనట. ఆయన ఆఖరున వచ్చాడని పేపర్లో చదివిన రోజు నాన్న భోజనం ముట్టలేదు."

"నా కోసం... ఆయనెందుకమ్మా భోజనం మానడం?"

ఆవిడ చీపురు ఆపి అతన్ని ఎగాదిగా చూసింది.

"పని నేర్చుకుంటూ పదిహేనో ఏట నాన్న సొంతంగా చెక్కిన మొట్టమొదటి అచ్చు మీ తుపాకీదేనండీ, ఆఖరిది కూడా దానికే చెక్కుతానని మీ ఊరొచ్చారు."