దారిలో ఆగకూడదు

ఆ ఆదివారం హోసియా చర్చి ఎగ్గొట్టి, పొద్దున్నే కూతురి కారు కింద దూరాడు.

నిజానికి అది కూతురిది కాదు, ఉద్యమం వాళ్లది. నల్లవాళ్లను ఓటర్లుగా చేర్పించడానికి కోర్టు దాకా తీసుకుపోయే పాత ప్లిమత్ కారు. పోయిన వారం మిసిసిపీ పత్తిచేల మధ్య అది పొగలు కక్కి ఆగిపోయింది. వెనక తెల్లవాళ్ల ట్రక్కు వస్తుంటే కూతురు ఆర్డెల్లా కాలవలో దిగి, ముక్కుదాకా బురదనీళ్లలో కూర్చుంది. ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. హోసియా తింటున్న కంచం పక్కకు నెట్టాడు.

"మానెయ్యవే తల్లీ. తల్లి లేని పిల్లవి. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?"

"నువ్వు ఓటేసిన రోజు మానేస్తాలే నాన్నా."

రడ్ దొర షెడ్డులో ఇరవై ఏళ్లుగా మెకానిక్కు హోసియా. ఓటు మాటెత్తితే ఆ పూటే పని ఊడుతుంది. కూతురితో కలిసి ఊరేగింపులో నడిచే ధైర్యం లేదు, కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టే సత్తా లేదు. చేతనైంది ఒక్కటే, ఆ కారు మళ్లీ దారిలో ఆగకుండా చూడటం.

వారం రోజులుగా సరైన నిద్రలేని ఆర్డెల్లా ఇంట్లో ఒళ్లెరగకుండా పడుకుంది.

హోసియా రేడియేటరు గొట్టం మార్చాడు. బ్రేకులు విప్పి మళ్లీ బిగించాడు. బ్యాటరీ ముసలిదైపోయిందని తన ట్రక్కులోది తెచ్చి పెట్టాడు. చేతిలో పనున్నంతసేపూ భయం కాస్త దూరంగా కూర్చుంటోంది. అందుకని చిన్నాచితకా కూడా వదల్లేదు. ఊగుతున్న కిటికీ పిడి బిగించాడు. చిరిగిన సీటు కుట్టాడు. లోపల పైకప్పుకు బల్బు లేకపోతే అదీ తన ట్రక్కులోదే తెచ్చి తగిలించాడు. కిర్రుమంటున్న తలుపుకు నూనె పోశాడు.

"చదువుకున్న పిల్లలు. బండిని ఇట్లాగేనా ఉంచుకునేది" అని గొణుక్కున్నాడు.

అంతలో ఇంటి ముందు రడ్ దొర కారు ఆగింది.

"ఏరా హోసియా, ఆదివారం కూడా పనేనా? దేవుడికి కోపం రాదూ? ఎవడిదిరా ఆ బండి?"

హోసియా లేచి టోపీ తీశాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, దొర కళ్లు అప్పటికే నంబరు ప్లేటు మీదున్నాయి.

"మా అమ్మాయి తెచ్చిందండయ్యా."

"ఓహో. ఎక్కడికెళ్తుందేం ఇందులో?"

"తెలీదండయ్యా."

"కన్నతండ్రివి, నీకే తెలీదూ?" దొర నవ్వాడు. "సరేలే. పిల్ల జాగ్రత్త."

కారు వెళ్లిపోయింది. టోపీ ఇంకా చేతిలోనే ఉందని హోసియాకు చాలాసేపటికి గానీ తెలియలేదు. తన నోరు తనకే చేదుగా అనిపించింది.

మధ్యాహ్నం ఆర్డెల్లా లేచి, బొబ్బర్లూ మొక్కజొన్న రొట్టే తిని, కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"పెళ్లికూతుర్ని చేశావు కదయ్యా దీన్ని."

"వెటకారాలకేం గానీ, చీకటి పడకముందే వచ్చెయ్."

"మీటింగే చీకటిపడ్డాక నాన్నా. మా జాగ్రత్తలు మాకుంటాయిలే. అవన్నీ చెబితే నీకు నిద్రపట్టదు."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా హోసియా చెవి ఒగ్గి విన్నాడు. ఎక్కడా తేడా లేదు.

కారు దారిలో ఎక్కడా ఆగలేదు కూడా. వెంటపడిన ట్రక్కును దుమ్ములో వదిలేసి, బాగా చీకటిపడ్డాక పక్క ఊరి చర్చి ముందుకు చేరింది. ఆర్డెల్లా ఇంజను ఆపి తలుపు తీసింది. అవతలి పత్తిచేలోంచి ఒక్క తూటా వచ్చింది. ఆ ఒక్కటీ సరిపోయింది.

కూతుర్ని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం, ఆమెతో కలిసి పనిచేసే క్లీవన్ వచ్చి అరుగు మీద హోసియా పక్కన కూర్చున్నాడు. చుట్టుపక్కలవాళ్లు తెచ్చిపెట్టిన కోడికూర తెచ్చినట్టే ఉంది.

"నేనే చంపుకున్నాను బాబూ" అన్నాడు హోసియా. "ఆ కారు మా అమ్మాయిదని రడ్ దొరకు నా నోటితోనే చెప్పాను."

క్లీవన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కాదు బాబాయ్. మా కార్ల నంబర్లు వాళ్లకెప్పటినుంచో కంఠతా వచ్చు. మీటింగు సంగతీ వాళ్లందరికీ తెలుసు. నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ మాట మనసులోంచి తీసెయ్."

హోసియా ఇన్నాళ్లకు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు.

"మరి ఎట్లా జరిగింది నాయనా?"

"అదే మాకూ అంతుపట్టట్లేదు. చర్చి బయట దీపాలన్నీ ముందే ఆర్పేశాం. తనూ ముందు లైట్లు ఆర్పేసే వచ్చింది. పక్కనున్నవాణ్ణి తడిమి చూసుకోవాల్సినంత చీకటి." క్లీవన్ తల అడ్డంగా ఊపాడు. "తలుపు తియ్యగానే లోపల వెలుగొచ్చి మనిషి కనపడకూడదనే, బండి చేతికి రాగానే ముందు పైకప్పు బల్బు పీకేస్తాం బాబాయ్, ఆ బండిది ఆర్డెల్లానే తన చేత్తో పీకి పారేసింది."