వాడుక వాక్యం

"ఈ వాక్యం రాసినవాడెవడు? ముందు వాణ్ణి పిలవండి!"

వడ్రంగి నిఘంటువును బల్లమీద పడేసిన ఊపుకు సిరాబుడ్డి ఎగిరి కూర్చుంది. అచ్చాఫీసులో తలలన్నీ ఇటు తిరిగాయి. తలుపు దగ్గర బెంచీమీద అతని కూతురు పుస్తకాల సంచిని మొహానికి అడ్డం పెట్టుకుంది.

ముసలి సంపాదకుడు కళ్లజోడు సర్దుకుని, మడతపెట్టి ఉన్న పేజీ చూశాడు. 'స్క్వింట్' అనే ఇంగ్లీషు మాట. మొదటి అర్థం, కళ్లు చిట్లించి చూడడం. రెండోది మెల్లకన్ను. దానికింద వాడుక: 'మెల్లకన్ను వల్ల ఆమె ముఖం వికారంగా ఉంది.'

"నేనే రాశాను. అయితే ఏమిటి?"

"ఏమిటా? టీచరమ్మ పైకి చదివిందట. క్లాసు క్లాసంతా మా పిల్లవైపు తిరిగి ఒకటే ఇకఇకలు. వారమైంది, చంపినా బడికి పోనంటోంది. దాని చదువు ఆగిపోతే మీరొచ్చి చెబుతారా?"

"చూడు మేస్త్రీ, లోకంలో ఉన్న వాడుకే మేం రాస్తాం. ఇరవై ఏళ్లుగా ఆ వాక్యం అక్కడే ఉంది. ఒక్కరూ అడగలేదు."

"ఇరవై ఏళ్లు కుంటిన కుర్చీ, కుంటిది కాకుండా పోతుందా?" వడ్రంగి బల్లమీద గుద్దాడు. "చెక్కలో వెంట్రుకవాసి వంకరున్నా నా కంట పడకుండా పోదు. ఇంత చదువుకున్నారు, ఇంత వంకర మీకు కనబళ్లేదా?"

సంపాదకుడు తలెత్తి బెంచీవైపు చూశాడు. సంచి పైనుంచి ఒక కన్ను ఆయన్ని చూస్తోంది, రెండోది గోడను. ఆయన కొత్త ముద్రణ ప్రూఫుల్లో ఆ పేజీ వెతికి, ఎర్రపెన్సిలుతో వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"మరేం రాయమంటావు? నువ్వే చెప్పు."

"రెండోదానికి వాక్యమే వద్దు. మొదటిదానికి రాయండి. 'వడ్రంగి కళ్లు చిట్లించి చెక్క వంకర పట్టుకున్నాడు.'"

ఆయన రాసి చూపించాడు. వడ్రంగి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. బెంచీమీద సంచి మెల్లగా కిందికి దిగింది. వారంరోజుల కడుపుమంట అప్పటికి చల్లారి, అతను రొమ్ము విరుచుకుని తలుపువైపు తిరిగాడు.

"ఇక నిన్నెవడు ఆ మాట అంటాడో నేనూ చూస్తా! లేవే మెల్లకన్నూ, పోదాం."