జర్మనీ కోట ఎక్కుడు

“జర చూసుకుంట నడువు బాపూ, ఇక్కడ రాళ్ళున్నయి.”

కూతురు నవత హెచ్చరించగానే కమలాకర్ పాదం పైకెత్తి, జాగ్రత్తగా రాయిని దాటాడు. నిజానికి వాళ్ళు వలస వచ్చిన మిల్లుల నగరంలో, లింబాయత్‌లోని వాళ్ళ ఇంటి డాబా మీద ఒక్క రాయి కూడా లేదు. రాళ్ళు, వాటి పక్కన పారే వాగు, పైన ఆకాశం కనపడకుండా కమ్ముకున్న అడవి, అన్నీ నవత చేతిలోని ఫోన్‌లో ఉన్నాయి.

జర్మనీలో ఎక్కడో గుట్ట మీద చిన్న కోట. కోట కింద పిడికెడంత ఊరు. ఊరి చుట్టూ అడవిలో కాలిబాటలు. ఎవరో పెద్దాయన కెమెరా పట్టుకుని ఆ బాటలన్నీ నడిచి వీడియోలు పెట్టాడు. ఒక్క మాటా మాట్లాడడు. ఆయన అడుగుల చప్పుడు, పిట్టల కూతలు, అంతే.

రెండో విడత కరోనా కమలాకర్‌ను ఆస్పత్రి దాకా ఈడ్చుకెళ్ళి వదిలిపెట్టింది. ఇంటికొచ్చాక నాలుగు మెట్లెక్కినా రొప్పు వచ్చేది. ఊరి బయట జోల్వాలో ఆయన పనిచేసే బట్టల మిల్లు ఇంకా సగమే నడుస్తోంది. నయమయ్యాకే రమ్మన్నాడు సేఠ్. రోజూ పొద్దున మెల్లగా నడవమన్నాడు డాక్టరు. ఏళ్ళ తరబడి మరమగ్గాల మధ్య తప్ప ఎక్కడా తిరగని మనిషి, డాబా మీద రెండు చుట్లు తిరిగేసరికే విసుగెత్తి కూలబడ్డాడు. అప్పుడు నవత ఈ వీడియో పెట్టింది.

“గిది మా దిక్కు గుట్టల తీర్గనే ఉన్నదే!” అంటూ లేచాడాయన.

అలా జర్మనీ ప్రయాణం మొదలైంది. చిక్కల్లా నెట్‌తోనే. సగం బాటలో బొమ్మ ఆగిపోయేది. అడవి మధ్యలో నిలబడిపోయి, “ఏమైందే? ముసలాయన ఎటు పోయిండు?” అని కేకలు వేసేవాడు కమలాకర్.

ఆ కేకలు పక్క డాబా మీద ఓంప్రకాష్‌కు వినిపించాయి. అతను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చీరలకు డిజైన్లు గీస్తాడు. వాళ్ళూ వీళ్ళలాగే పని కోసం వలస వచ్చిన నేతవాళ్ళే, జగిత్యాల వైపు నుంచి.

“పిట్టగోడ దగ్గరికి రాండ్రి కాకా, మా వైఫై అందుతది,” అన్నాడు.

వైఫై అందింది. కొన్నాళ్ళకు వైఫైతో పాటు ఓంప్రకాష్ కూడా మూతికి మాస్కు కట్టుకుని పిట్టగోడ దాటి వచ్చాడు. ముందు కమలాకర్, వెనక గుసగుసలాడుకుంటూ నవత, ఓంప్రకాష్. వీడియోలో పెద్దాయన బెంచీ మీద కూర్చుంటే వీళ్ళూ కూర్చునేవారు. ఆయన ఫ్లాస్కు మూత తీస్తే వీళ్ళకూ చాయ్ గుర్తొచ్చేది.

“ఇయ్యాల యాడిదాక పోయిండ్రు?” అని అడిగేది వినోద, భర్తకు గ్లాసు అందిస్తూ.

“వాగు దాటినం. అవతల జింక కనవడ్డది!”

వాగు బాట పూర్తయింది. పాడుబడ్డ పిండిమర బాటా పూర్తయింది. మిగిలింది కోట మీదికి పోయే నిటారైన బాట ఒక్కటే. అక్కడే కథ ఆగిపోయింది. రోజూ సగం ఎక్కుడులోనే కమలాకర్ ఛాతీ పట్టుకుని ఆగిపోయేవాడు. ఓంప్రకాష్ పరుగున వెళ్ళి పీట తెచ్చేవాడు, నీళ్ళు తెచ్చేవాడు, అట్టముక్కతో విసిరేవాడు.

“నీ ఊపిరి మంచిగైతే సిరిసిల్ల పోదాం,” అంది వినోద ఒకరోజు. “నవతకు మంచి సంబంధం ఉన్నదని అన్న మళ్ళ ఫోన్ చేసిండు.”

“గీ ఎక్కుడే నాతోని అయితలేదు, సిరిసిల్ల ఎట్ల పోత? కోట ఎక్కినంక చూద్దాం.”

నవత గుండె తేలికపడింది. మరుక్షణం సిగ్గుతో ముడుచుకుపోయింది. ఆ రోజు నుంచి తండ్రి సగంలో ఆగిన ప్రతిసారీ అదే సంతోషం, అదే సిగ్గు.

నెలన్నర గడిచాక ఒక పొద్దున ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు పీట మీద వాలిపోయాడు. నవతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మా బాపు ఆయాసపడుతుంటే నాకు ఖుషీ అయితున్నది,” అంది ఓంప్రకాష్‌తో, గొంతు తగ్గించి. “నేనేం బిడ్డను?”

“చెప్పేద్దాం పా,” అన్నాడతను. “ఇప్పుడే.”

ఇద్దరూ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డారు. నవతే నోరు తెరిచింది.

“బాపూ, నాకు సిరిసిల్ల సంబంధం వద్దు. ఓంప్రకాష్ అంటే ఇష్టం. నువ్వు కోట ఎక్కకుంటేనే బాగుండు అనుకున్న. మాఫ్ చెయ్యి.”

కమలాకర్ ఇద్దరి ముఖాలూ చూశాడు. ఫోన్‌లో పెద్దాయన ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.

“ఫోన్ సక్కగ పట్టు,” అంటూ లేచాడు.

నడిచాడు. మామూలు నడక కాదు, మోకాళ్ళెత్తి, చేతులూపుతూ, డాబా ఈ మూల నుంచి ఆ మూలకు. మలుపు తర్వాత మలుపు. చెట్లు పలచబడ్డాయి. రాతి మెట్లు వచ్చాయి, దర్వాజా వచ్చింది. ఎదురుగా కోట, కింద ఎర్ర పెంకుల ఊరు, దాని చుట్టూ వాళ్ళు నడిచిన అడవంతా కనిపించింది.

“ఎక్కినం!” అని రెండు చేతులూ పైకెత్తి అరిచాడు కమలాకర్. గల్లీలో పోయేవాళ్ళు తలలెత్తి చూశారు.

“ఓంప్రకాష్, మీ అమ్మానాయినను తోల్కరా. వినోదకు నేను చెప్త. నేను కూలవడ్డప్పుడల్లా పీట ఎవలు తెచ్చిండ్రో, నీళ్ళు ఎవలు తెచ్చిండ్రో నేను చూస్తలేనా?”

ఓంప్రకాష్ పిట్టగోడ ఒక్క దూకున దాటాడు. నవత ఏడుస్తూ నవ్వుతూ తండ్రి చేయి పట్టుకుని పీట వైపు లాగింది.

“ముందు కూసో బాపూ, ఆయాసం వస్తది!”

“అది పోయి నెల దాటింది బిడ్డా.”